నాస్ పెట్టె కంపెనీ మార్చడానికి సరైన సమయం ఏది?

పానగల్_ఫోటో
నల్లగొండలో మాది ఫోటో స్టూడియో. పెళ్ళి వీడియోల నుంచి పాస్‌పోర్టు ఫోటోల దాకా అన్నీ నాలుగు డిస్కులు పట్టే నాస్ పెట్టెలో (నెట్‌వర్కు మీద అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) ఉంటాయి. 2018లో కొన్నాం. పది టెరాబైట్లు నిండిపోయింది, మాఘమాసం ముహూర్తాలు మొదలైతే చోటు చాలదు. కంపెనీ తన కొత్త సాఫ్ట్‌వేర్‌ను మా మోడలుకు ఇవ్వనంటోంది. పాతదానికి భద్రతా సవరణలు మాత్రం ఇంకొంత కాలం వస్తాయట. ఫోన్లో ఫోటోలు చూసుకునే యాప్‌ను కూడా మార్చి, అందులో మేము రోజూ వాడే సౌకర్యాలు తీసేశారు. దుకాణదారు అదే కంపెనీ కొత్త మోడల్ కొనమంటున్నాడు. మా బావమరిది ఆ కంపెనీ గడప తొక్కవద్దంటున్నాడు. నాకు కోపం ఉన్న మాట నిజమే, కానీ కోపం కోసం అంత డబ్బు తీయలేను. ఇంటికైనా దుకాణానికైనా కంపెనీ మార్చే సమయం వచ్చిందని మీరు ఎలా తేల్చుకుంటారు? కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే అభిమానులు వచ్చి కూర్చుంటారు.

జడ్చర్ల_జంక్షన్
పేరు రాయకపోతే ఊహాగానాలు రెట్టింపవుతాయి. చూస్తూ ఉండండి.

మిల్లు_లెక్కలు
మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూస్తాను. మా పెట్టె మీ దానికంటే పాతది. ట్యాలీ బ్యాకప్‌లు, వేబిల్లులు, కాటా చీటీల స్కాన్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఊక దుమ్ము పీల్చుకుంటూ కూడా నడుస్తోంది. నడుస్తున్న దాన్ని కదిలించవద్దు, అంతే. ఫైళ్ళు దాచుకోవడానికి ఏటా కొత్త సాఫ్ట్‌వేర్ ఎందుకు?

పిల్లలమర్రి_ఐటీ
మిల్లు గారి పెట్టె ఇంటర్నెట్ నుంచి అందకుండా ఉంటే ఆయన మాటలో పెద్ద తప్పు లేదు. స్టూడియో సంగతి వేరు. ఫోటో గారూ, మీరు కస్టమర్లకు పెట్టె నుంచే లింకులు పంపుతారా?

పానగల్_ఫోటో
పంపుతాం. అబ్బాయి అమెరికాలో ఉంటే ఆల్బమ్ ఫోటోలు ఎంచుకోవడానికి ఇంకో దారి ఏముంది?

పిల్లలమర్రి_ఐటీ
దాని గురించి తర్వాత మాట్లాడదాం. ముందు డబ్బు సంగతి. మహబూబ్‌నగర్‌లో డయాగ్నస్టిక్ సెంటర్లకు, బడులకు నెట్‌వర్కు పనులు చేస్తాను. కంపెనీ మార్చేటప్పుడు అందరూ పెట్టె ధర చూస్తారు, నడుము విరిచేది డిస్కుల ధర.

అదే కంపెనీలో కొత్త మోడల్ కొంటే, చాలా సందర్భాల్లో పాత డిస్కులు తీసి అదే వరుసలో కొత్త పెట్టెలో పెడితే సరిపోతుంది. సమాచారం, సెట్టింగులు అన్నీ అలాగే లేస్తాయి. ఏ మోడల్ నుంచి ఏ మోడల్‌కు ఇలా కుదురుతుందో కంపెనీ పట్టికలో ముందే చూసుకోవాలి. వేరే కంపెనీ పెట్టెలో పెడితే మాత్రం అది ఆ డిస్కులను ఖాళీ చేసి కొత్తగా ఫార్మాట్ చేస్తానంటుంది. పాతవాటిలో సమాచారం ఉండగా ఆ మాట ఎవరు ఒప్పుకుంటారు? అంటే పెట్టెతో పాటు డిస్కుల సెట్టు మొత్తం కొత్తగా కొనాలి.

అందుకే నన్ను అడిగిన వాళ్ళకు చెప్పేది ఒక్కటే. డిస్కులు ఎలాగూ మార్చక తప్పని ఏడాదే కంపెనీ మార్చే ఏడాది. అప్పుడు ఉన్న కంపెనీలోనే ఉన్నా, కొత్త కంపెనీకి వెళ్ళినా డిస్కుల ఖర్చు ఒకటే కాబట్టి పెట్టెను స్వేచ్ఛగా ఎంచుకోవచ్చు. నిరుడు కొన్న డిస్కులు పెట్టుకుని యాప్ నచ్చలేదని మారితే అది కోపానికి కట్టే పన్ను. మీ డిస్కులు 2018వి, పైగా నిండాయి. మీరు ఇప్పుడు ఎటైనా వెళ్ళవచ్చు.

మిల్లు_లెక్కలు
2018 డిస్కులు శుభ్రంగా తిరుగుతూ ఉంటే?

పిల్లలమర్రి_ఐటీ
ఒకటి ఆగేదాకా అన్నీ శుభ్రంగానే తిరుగుతాయి. ఒకే రోజు కొన్న డిస్కులన్నీ ఒకే వయసువి. ఒకటి పోయాక దాని స్థానంలో కొత్తది పెడితే, రెయిడ్ (ఒక డిస్కు పోయినా సమాచారం నిలిచేలా డిస్కులను జతకట్టే పద్ధతి) తిరిగి కట్టుకోవడానికి మిగతా డిస్కులన్నింటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ముసలి డిస్కులకు అది పెద్ద శ్రమ. ఆ సమయంలో రెండోది కూడా పోతే, ఒక్క డిస్కు పోవడాన్నే తట్టుకునే రెయిడ్ 5లో మీకు మిగిలేది పెట్టె ఒక్కటే.

లతీఫ్‌గుట్ట
డిస్కుల లెక్క బాగుంది కానీ దానికంటే ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. రేపు పెట్టె చచ్చిపోతే అందులోని డిస్కులను మరెక్కడైనా చదవగలరా?

డ్రోబో అనే డిస్కు పెట్టెల కంపెనీ కథ గుర్తున్నవాళ్ళు ఉంటారు. వేర్వేరు సైజుల డిస్కులు కలిపి వాడుకోవచ్చని ఫోటోగ్రాఫర్లే ఎగబడి కొన్నారు. దాని రెయిడ్ పద్ధతి పూర్తిగా కంపెనీ సొంతం, మరే కంపెనీ పెట్టె దాన్ని చదవలేదు. 2022లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, మరుసటి ఏడాది పూర్తిగా మూతపడే దశకు వెళ్ళింది. నెట్‌గేర్ కూడా తన రెడీనాస్ వరుసను ఆపేసింది. కంపెనీ ఉండటం, ఆ కంపెనీలో మీ వస్తువు ఉండటం ఒకటి కావు.

నాస్ పెట్టెలు చేసే సైనాలజీ కంపెనీ హైబ్రిడ్ రెయిడ్ లోపల ఉండేది మామూలు లినక్స్ రెయిడ్, డిస్కుల చోటును కలిపే లినక్స్ సాధనం ఎల్‌వీఎం. పెట్టె పోతే డిస్కులను ఉబుంటు కంప్యూటరుకు తగిలించి చదువుకునే పద్ధతిని కంపెనీయే రాసి పెట్టింది. ట్రూనాస్ అనే నాస్ సాఫ్ట్‌వేర్ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ మీద నడుస్తుంది కాబట్టి ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ సరైన వెర్షన్ ఉన్న వేరే యంత్రంలోనూ తెరుచుకుంటుంది. మీ పెట్టె ఇలాంటిది కాకపోతే డిస్కుల వయసు లెక్కపెడుతూ కూర్చోవద్దు. పెట్టె బతికి ఉండగానే సమాచారం బయటకు తీయండి.

జడ్చర్ల_జంక్షన్
చెప్పానా! లతీఫ్ అన్న, ఫోటో గారిది డ్రోబో అని తేల్చేశాడు.

లతీఫ్‌గుట్ట
ఉదాహరణ చెప్పాను తమ్ముడూ, తీర్పు చెప్పలేదు.

కృష్ణా_కాలువ
"నడుస్తున్న దాన్ని కదిలించవద్దు" అన్న మిల్లు గారి కోసం. వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పెట్టెలకు చివరి సాఫ్ట్‌వేర్ సవరణ 2015లో వచ్చింది. ఆ తర్వాత కూడా అవి చక్కగా నడిచాయి. 2021 జూన్‌లో ఒక రోజు జనం లేచి చూసుకుంటే, ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న పెట్టెలు ఎన్నో ఖాళీ. ఎవరో దూరం నుంచి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశారు. డిస్కులు బాగానే ఉన్నాయి, పెట్టె బాగానే ఉంది, ఫైళ్ళు మాత్రం లేవు.

మిల్లు_లెక్కలు
మా పెట్టెకు ఇంటర్నెట్ తీగ లేదు. దొంగ రావాలంటే మిల్లు గేటు దూకి రావాలి.

కృష్ణా_కాలువ
అలా అయితే మీకు భయం తక్కువే. ఫోటో గారికి భయం ఎక్కువ. 2021 ఏప్రిల్‌లో క్యూనాప్ కంపెనీ పెట్టెల్లో క్యూలాకర్ అనే వసూళ్ళ వైరస్ (రాన్సమ్‌వేర్) చొరబడింది. ఫైళ్ళను పాస్‌వర్డు పెట్టిన 7-జిప్ మూటలు కట్టి, విడిపించడానికి 0.01 బిట్‌కాయిన్ అడిగింది. 2022 జనవరిలో అవే పెట్టెల్లోకి డెడ్‌బోల్ట్ అనే ఇంకొకటి వచ్చి 0.03 అడిగింది. అందుకే ఆ కంపెనీ జోలికి వెళ్ళవద్దని నా సలహా.

సరళాసాగర్
వనపర్తి నుంచి ఒక అభ్యంతరం. అదే డెడ్‌బోల్ట్ 2022 ఫిబ్రవరిలో అసస్టర్ పెట్టెల్లోనూ దూరింది. 2014లో సైనాలజీ పెట్టెలకు సైనోలాకర్ తగిలింది, అప్పుడు దెబ్బతిన్నవి పాత సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నవి. సవరణ అంతకు ముందే వచ్చింది, జనం వేసుకోలేదు. ఇందులో ఏ కంపెనీకీ మడి లేదు. దాడి జరిగిందని కంపెనీ మారితే జీవితాంతం మారుతూనే ఉండాలి. సవరణలు రావడం ఆగిపోతే మాత్రం మారాలి.

డెడ్‌బోల్ట్‌లో ఒక సరదా సంగతి. 2022లో డచ్ పోలీసులు వసూలుదారులకు డబ్బు చెల్లిస్తున్నట్టు బిట్‌కాయిన్ లావాదేవీలు పంపి, ఫైళ్ళు విప్పే తాళం చెవులు చేతికి రాగానే అవి ఖరారు కాకముందే వెనక్కి తీసుకున్నారు. అలా 155 చెవులు రాబట్టారు.

జడ్చర్ల_జంక్షన్
దొంగనే ఉద్దెర పెట్టి ముంచారన్నమాట. మా కిరాణా కొట్టులో వీళ్ళకు ఖాతా ఇవ్వకూడదు.

పిల్లలమర్రి_ఐటీ
సరళాసాగర్ గారితో ఏకీభవిస్తున్నాను. ఇక లింకుల సంగతి. ఏ కంపెనీ అయినా సరే, రౌటర్లో పోర్టు తెరిచి పెట్టెను నేరుగా బయటకు పెట్టవద్దు. మీరు, మీ ఎడిటరు బయటి నుంచి చూసుకోవాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద మీకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి) పెట్టుకోండి. కస్టమరు ఎంచుకోవలసిన చిన్న సైజు ఫోటోలను ఏదైనా క్లౌడ్‌లోకి ఎక్కించి ఆ లింకు పంపండి. అసలు ఫైళ్ళు మీ పెట్టెలోనే ఉండాలి.

నా డయాగ్నస్టిక్ సెంటర్లకు ఇంకో తలనొప్పి ఉంది. రోగుల సమాచారం కాబట్టి 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కిందికి వస్తుంది. తగిన భద్రత పెట్టుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయవచ్చని ఆ చట్టంలో ఉంది. సవరణలు ఆగిన పెట్టెలో ఎక్స్‌రేలు పెట్టుకుని అంత మాట పడలేం. వాళ్ళ విషయంలో నేను డిస్కుల వయసు చూడను, కంపెనీ సవరణలు ఆపే తేదీ చూస్తాను. వ్యాపారానికి, ఇంటికి తేడా ఇక్కడే.

దేవరకొండ_సార్
నేను రిటైర్డ్ ఉపాధ్యాయుడిని. రెండు డిస్కుల చిన్న పెట్టె, మనవల ఫోటోలు, పాత సినిమాలు. సైనాలజీ వాళ్ళు 2024లో వీడియో స్టేషన్ అనే సినిమాల యాప్ తీసేశారు. దాని కోసమే కొన్నవాళ్ళు నాకు తెలిసి ఉన్నారు. డిస్కులు కొత్తవే అయినా, కొన్న పనే పోతే మారకుండా ఎలా?

పిల్లలమర్రి_ఐటీ
సార్, సినిమాలు చూడటానికి ఆ పెట్టెలోనే జెల్లీఫిన్ అనే ఉచిత యాప్ వేసుకోవచ్చు, మోడల్ డాకర్‌ను (బయటి యాప్‌లను విడిగా నడిపే సాధనం) ఒప్పుకుంటే. లేదా పెట్టెను ఫైళ్ళకే ఉంచి, టీవీ పక్కన చిన్న కంప్యూటర్ పెట్టండి. దానికి అయ్యేది కంపెనీ మార్చే ఖర్చులో కొంతే. యాప్ పోయిందని గోదాము మార్చనక్కర్లేదు.

యాదాద్రి_బైట్లు
ఎవరూ 2025 గురించి మాట్లాడరేం? సైనాలజీ ఏప్రిల్‌లో తన కొత్త ప్లస్ మోడళ్ళలో సొంత డిస్కులు, లేదా తాను ఒప్పుకున్న డిస్కులే పెట్టాలంది. జాబితాలో లేని డిస్కులతో కొత్తగా పూల్ (డిస్కులన్నీ కలిపిన నిల్వ) కట్టనివ్వలేదు. అంతకంటే కారణం ఇంకేం కావాలి?

లతీఫ్‌గుట్ట
అక్టోబరులో తమ నాస్ సాఫ్ట్‌వేర్ డీఎస్‌ఎం 7.3తో వెనక్కి తగ్గారు. మామూలు హార్డ్‌డిస్కులు, సాటా ఎస్‌ఎస్‌డీలు ఇప్పుడు ఏ కంపెనీవైనా పెట్టుకోవచ్చు. ఎం.2 రకం ఎస్‌ఎస్‌డీలతో పూల్ కట్టాలంటే మాత్రం జాబితా చూడాలి.

యాదాద్రి_బైట్లు
ఒకసారి ఆ ఆలోచన వచ్చినవాళ్ళకు మళ్ళీ రాదా? అమ్మకాలు తగ్గబట్టి దిగివచ్చారంటున్నారు.

లతీఫ్‌గుట్ట
అమ్మకాలు తగ్గితే దిగివచ్చే కంపెనీ, తగ్గినా దిగిరాని కంపెనీ కంటే మేలు. నేను మాత్రం దీన్ని బట్టి మారను. కొత్తగా కొనేటప్పుడు గుర్తుపెట్టుకుంటాను.

యాదాద్రి_బైట్లు
మీరు గుర్తుపెట్టుకోండి. నేను ఈసారి యూగ్రీన్ కొన్నాను. పెట్టె గట్టిగా ఉంది, ప్రాసెసర్ బాగుంది. సాఫ్ట్‌వేర్ ఇంకా ఎదుగుతోంది, ఒప్పుకుంటాను.

గద్వాల_జరీ
చీరల షోరూంకు, వెనక మగ్గాల షెడ్డుకు కలిపి క్యామెరాలు నాస్ మీదే రికార్డు అవుతాయి. మా పెట్టెతో రెండు క్యామెరాలకే ఉచితం, మిగతావాటికి లైసెన్సులు విడిగా కొన్నాం. వేరే కంపెనీకి వెళితే ఆ లైసెన్సులు ఏమవుతాయి?

పిల్లలమర్రి_ఐటీ
ఉన్నచోటే ఉండిపోతాయి. అదే కంపెనీ మరో పెట్టెకు మార్చుకోవచ్చు కానీ పక్క కంపెనీలో చెల్లవు. మీ లెక్కలో ఆ డబ్బును కూడా కలపండి. లేదా క్యామెరాలకు విడిగా ఎన్‌వీఆర్ (క్యామెరాల రికార్డింగు పెట్టె) పెట్టి నాస్‌ను ఆ పని నుంచి విడిపించండి. రాత్రింబవళ్ళు రాసే పనిని డిజైన్ ఫైళ్ళున్న డిస్కుల మీద పెట్టడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు.

సూర్యాపేట_ఆడిట్
జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ఒక పెట్టె నమ్మకంగా నడిచే కాలం కూడా దాదాపు అంతే. అంటే మధ్యలో పెట్టె మారడం ఖాయం, పాత లెక్కలు కొత్తచోట తెరుచుకోవాలి. మా క్లయింటు ఒకరు నాస్ కంపెనీ మార్చి పాతది అమ్మేశారు. బ్యాకప్ డిస్కు భద్రంగా ఉంది, కానీ అది పాత కంపెనీ బ్యాకప్ యాప్ సొంత రూపంలో రాసినది. కొత్త పెట్టె దాన్ని ముట్టుకోలేదు. నోటీసు వచ్చిన వారం అది.

సరళాసాగర్
ఇలాంటి బ్యాకప్‌లను విండోస్‌లో చదివే సాధనాన్ని కొన్ని కంపెనీలు ఉచితంగా ఇస్తాయి. సైనాలజీకి హైపర్ బ్యాకప్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. ఆ క్లయింటుది ఏదో చూడండి. ఏమైనా మారేముందు ఒక కాపీని మామూలు ఫైళ్ళుగా, మామూలు యూఎస్‌బీ డిస్కు మీద పెట్టుకోవాలి.

ఇంతకీ ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. అసలు కంపెనీ పెట్టెలే ఎందుకు? పాత ఆఫీసు కంప్యూటర్ మీద ట్రూనాస్ గానీ ఓపెన్ మీడియా వాల్ట్ గానీ వేసుకోండి. ఇంకెప్పుడూ ఈ ప్రశ్న రాదు.

పిల్లలమర్రి_ఐటీ
వస్తుంది. కంపెనీ పేరు బదులు మీ పేరు పెట్టి వస్తుంది. ఓ బడిలో ఇలా ఒక కుర్రాడు చక్కగా కట్టి, హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. డిస్కు ఎర్రగా చూపించిన రోజున హెడ్‌మాస్టరు గారికి ఏ మీట నొక్కాలో తెలియదు. ఇంట్లో మీకోసం మీరు కట్టుకుంటే నాకన్నా సంతోషించేవాడు లేడు.

సరళాసాగర్
కుర్రాడు రాసిపెట్టి వెళ్ళకపోతే అది ట్రూనాస్ తప్పా?

పిల్లలమర్రి_ఐటీ
తప్పు ఎవరిదైనా ఫోను నాకే వస్తుంది.

మిల్లు_లెక్కలు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మొన్న కొత్త కంప్యూటర్లు కొన్నాం, విండోస్ 11. వాటిలో మా పెట్టె తెరుచుకోవడం లేదు, పాత కంప్యూటర్లలో బాగానే వస్తోంది. పెట్టె పనైపోయింది, కొత్తది కొనమని మెకానిక్ అంటున్నాడు.

జడ్చర్ల_జంక్షన్
కదిలించనిదే కదిలిందా?

పిల్లలమర్రి_ఐటీ
ఇంకా కొనవద్దు. మీ పెట్టెలో పాస్‌వర్డు లేకుండా అతిథి ఖాతాతో తెరుచుకునేలా పెట్టి ఉంటారు. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి అతిథి ప్రవేశాన్ని ఆపేశారు, ఎస్‌ఎంబీ (నెట్‌వర్కు మీద ఫైళ్ళు పంచుకునే పద్ధతి) సంతకం కూడా తప్పనిసరి చేశారు. పెట్టెలో ఒక్కొక్కరికి పేరు, పాస్‌వర్డు సృష్టించండి. ఫైల్ సర్వీసు సెట్టింగుల్లో ఎస్‌ఎంబీ 2, 3 ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. పెట్టెకు ఎస్‌ఎంబీ 1 తప్ప ఇంకేమీ రాకపోతే మాత్రం మెకానిక్ మాటే నిజం. విండోస్‌లో ఎస్‌ఎంబీ 1ను తిరిగి ఆన్ చేసి కాలం గడిపే పని చేయవద్దు.

మిల్లు_లెక్కలు
ఎస్‌ఎంబీ 2 ఉంది. పేర్లు పెడితే తెరుచుకుంది. మెకానిక్‌కు టీ కూడా ఇవ్వను.

పానగల్_ఫోటో
అందరివీ చదివాను. పెద్ద డిస్కుల సెట్టు ఎలాగూ కొంటున్నాను కాబట్టి వేరే కంపెనీ పెట్టె తీసుకుంటున్నాను. కొనేముందు సికింద్రాబాదు సీటీసీ కంప్యూటరు దుకాణాల్లో అడిగితే ఒకరు వారంటీ ఇక్కడే అన్నారు, ఇంకొకరు బెంగళూరు పంపాలన్నారు. పాడైతే చేతికి ఎన్నాళ్ళకు వస్తుందో రాతపూర్వకంగా ఇస్తామన్న దుకాణంలోనే కొంటాను. పాత పెట్టెను అమ్మను. ఇంటర్నెట్ తీసేసి, మా ఇంట్లో బ్యాకప్‌కు ఉంచుతాను. కాపీ చేయడానికి ఎంతసేపు పడుతుంది?

కృష్ణా_కాలువ
గిగాబిట్ తీగ మీద సెకనుకు 110 మెగాబైట్లు వస్తే గొప్ప. పది టెరాబైట్లకు ఆగకుండా 25 గంటలు. చిన్న చిన్న ఫోటో ఫైళ్ళు లక్షల్లో ఉంటే ఇంకా సాగుతుంది. వైఫై మీద మాత్రం మొదలుపెట్టవద్దు. రెండు పెట్టెలనూ యూపీఎస్ మీద ఉంచండి, పెళ్ళిళ్ళు లేని రోజులు చూసుకోండి.

జడ్చర్ల_జంక్షన్
అసలు ప్రశ్నకు జవాబు ఇదే కదా. కంపెనీ మార్చడానికి సరైన సమయం మూఢం! ముహూర్తాలు ఉండవు, స్టూడియో ఖాళీ.

పానగల్_ఫోటో
నవ్వులాటకు అన్నా, పుష్యమాసంలోనే పెట్టుకుంటున్నాను.

సరళాసాగర్
ఫోటో గారూ, మీ ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉన్నాయా? లినక్స్ ఆధారిత పెట్టెల్లో సాధారణంగా ఒక పేరుకు 255 బైట్ల పరిమితి ఉంటుంది. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు. అంటే 85 గుర్తులకు మించి పట్టవు. కొన్ని పెట్టెల్లో ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే 143 బైట్లే, అంటే 47 గుర్తులు. విండోస్‌లో పెద్ద పేర్లు పెట్టుకున్నవి కాపీలో మధ్యలో ఆగిపోతాయి, కొన్ని సాధనాలు వాటిని దాటేసి ముందుకు వెళతాయి కూడా.

పానగల్_ఫోటో
"చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి" నుంచి మొదలుపెట్టి శుభలేఖ మొత్తం ఫోల్డర్ పేరులో రాసే అలవాటు మా ఎడిటరుది. ఈ రోజే తేదీ, ఇంటిపేరు వరకు కత్తిరించమంటాను.

సరళాసాగర్
కాపీ అయ్యాక ఆర్‌సింక్ అనే కాపీ సాధనాన్ని చెక్‌సమ్ (ఫైలు లోపలి సమాచారాన్ని బట్టి లెక్కకట్టే సంఖ్య) పోలికతో ఇంకోసారి నడపండి. ఫైళ్ళ సంఖ్య సరిపోయిందని ఊరుకోవద్దు, లోపలి సమాచారం కూడా పోల్చి చూస్తుంది. సమయం పడుతుంది, పట్టనివ్వండి. ఆ పోలిక శుభ్రంగా వచ్చేదాకా పాత డిస్కులను చెరపవద్దు.

గద్వాల_జరీ
నేను ఎన్‌వీఆర్ వైపు మొగ్గుతున్నాను. పాత రికార్డింగులను అందులోకి ఎక్కించవచ్చా?

పిల్లలమర్రి_ఐటీ
ఎక్కవు. మీకు కావలసిన రోజులవి మాత్రం పాత పెట్టెలోంచి ఎంపీ4గా ఎగుమతి చేసుకోండి. మిగతావి ఎలాగూ మీరు పెట్టుకున్న గడువు దాటగానే చెరిగిపోయేవే. కొత్త ఎన్‌వీఆర్ కొనేటప్పుడు మీ క్యామెరాలు ఆన్‌విఫ్‌ను (వేర్వేరు కంపెనీల క్యామెరాలు, రికార్డర్లు కలిసి పనిచేసే ప్రమాణం) ఒప్పుకుంటాయో లేదో చూడండి, లేకపోతే క్యామెరాలు కూడా మార్చమంటారు.